అప్పీల్ పెండింగ్‌లో ఉండగా అద్దె ఎగ్గొడుతున్న షాపు అద్దెదారు: యజమాని ఏ దారి ఎంచుకోవాలి?

కింది కోర్టులో మీరు గెలిచారు. అద్దె సరిగ్గా కట్టడం లేదని వేసిన కేసులో షాపు ఖాళీ చేయమని తీర్పు వచ్చింది. అద్దెదారు అప్పీల్‌కు వెళ్లాడు. ఇక వాయిదాల మీద వాయిదాలు. ఈలోగా షట్టర్ రోజూ లేస్తోంది, బేరం రోజూ జరుగుతోంది. అద్దె మాత్రం ఒక నెల సగం వస్తుంది, ఇంకో నెల అసలే రాదు. ఆస్తిపన్ను మాత్రం మీరే కడుతున్నారు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఇంకా కష్టం. చేతికి రాని అద్దెకు కూడా ఇన్‌వాయిస్ రాసి, 18 శాతం పన్ను ముందుగా జేబులోంచి కట్టాల్సి వస్తుంది.

"అప్పీల్ ఉంది కదండీ, తేలేదాకా ఏం చేయలేం" అనే మాట ఇలాంటి యజమానులు చాలాసార్లు వింటారు. ఆ మాట తప్పు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 5 స్పష్టంగా చెబుతోంది: అప్పీల్ వేసినంత మాత్రాన డిక్రీ (తీర్పు మీద కోర్టు ఇచ్చే ఆదేశం) అమలు ఆగదు. పై కోర్టు విడిగా స్టే ఇస్తేనే ఆగుతుంది. స్టే ఇచ్చినా ఉచితంగా ఇవ్వక్కర్లేదు, షరతులు పెట్టొచ్చు. యజమాని బలం అంతా ఈ రెండు సంగతుల్లోనే ఉంది. ఆ బలాన్ని షాపు కోసం వాడాలా, డబ్బు కోసం వాడాలా అన్నదే అసలు ఎంపిక.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా తెలంగాణ కేసులను దృష్టిలో పెట్టుకుని. ఆంధ్రప్రదేశ్‌లో అద్దెల మీద 2017లో వేరే చట్టం చేశారు కాబట్టి, అక్కడివాళ్లు తమ తీర్పు ఏ చట్టం కింద వచ్చిందో ముందు చూసుకోవాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ గురించి చెప్పినవి మాత్రం రెండు చోట్లా ఒకటే.

## ముందు తేల్చుకోవాల్సిన నాలుగు సంగతులు

మీ కేసు ఏ చట్టం కిందిది? హైదరాబాద్‌లో చాలామంది "రెంట్ కంట్రోల్ కేసు" అని అలవాటుగా అంటారు. నిజానికి ఇప్పటి షాపుల్లో చాలావరకు ఆ చట్టం పరిధిలో లేవు. 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టానికి 2005లో సవరణ వచ్చింది. దాని ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెల భవనాలు ఆ చట్టం బయటే ఉంటాయి. కట్టి 15 ఏళ్లు నిండని భవనాలూ అంతే. వాటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, మామూలు సివిల్ కోర్టు. పాత బస్తీ, సికింద్రాబాద్ పాత బజార్లలో తాతల కాలం నుంచి కొద్దిపాటి కిరాయితో నడుస్తున్న మల్గీలకే (షాపులకే) ఇంకా రెంట్ కంట్రోలర్ కోర్టు. ఏ దారి మీకు తెరిచి ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది.

స్టే ఉందా? ఉంటే అందులో ఏం రాశారు? ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ తీసుకుని మీరే చదవండి. "స్టే వచ్చిందట" అని ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడొద్దు. అప్పీల్ నంబర్ పడిందే తప్ప స్టే పిటిషన్ మీద ఇంకా ఆర్డరే లేని కేసులు ఉంటాయి. స్టే కొన్ని వారాలకే ఇచ్చి, తర్వాత పొడిగించారో లేదో ఎవరూ చూడని కేసులూ ఉంటాయి. ఒక హెచ్చరిక: స్టే ఆరు నెలలు దాటితే దానంతటదే పోతుందని 2018 నాటి ఒక సుప్రీంకోర్టు తీర్పును పట్టుకుని ఇంకా చెబుతుంటారు. 2024 ఫిబ్రవరిలో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ సూత్రాన్ని కొట్టేసింది. ఆర్డర్‌లో గడువు రాసి ఉంటే తప్ప, స్టేను ఎత్తేయమని మీరు అడగాల్సిందే.

మీకు కావాల్సింది షాపా, డబ్బా? ఇంట్లో కూర్చుని నిజాయితీగా జవాబు చెప్పుకోండి. కొడుకు అక్కడ వ్యాపారం పెట్టుకోవాలనుకుంటే షాపే కావాలి. షాపు చేతికొచ్చినా మళ్లీ అద్దెకే ఇస్తారంటే, మీకు కావాల్సింది సరైన అద్దె, అదీ ఇప్పుడు.

మీ తీర్పు ఎంత గట్టిది? నోటీసు సరిగ్గా వెళ్లిందా, బకాయి లెక్క సాక్ష్యంలో నిలబడిందా, అద్దెదారు "యజమానే తీసుకోలేదు" అన్న వాదనకు జవాబు రికార్డులో ఉందా? తీర్పు బలహీనంగా ఉంటే తొందరపడి షాపు స్వాధీనం చేసుకోవడంలో ప్రమాదం ఉంది. అది కింద చెబుతాను.

## ఒక్క చూపులో

| దారి | ఎప్పుడు కుదురుతుంది | చేతికొచ్చేది | జాగ్రత్త |
|---|---|---|---|
| ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేసి స్వాధీనం | స్టే లేనప్పుడు, స్టే ఎత్తేసినప్పుడు | షాపు | అప్పీల్‌లో మీరు ఓడితే తిరిగి ఇవ్వాలి |
| స్టేకు మార్కెట్ అద్దె షరతు | స్టే అడిగినప్పుడు, ఉన్న స్టేను మార్చమన్నప్పుడు | నెలనెలా డబ్బు. కట్టకపోతే షాపు | మార్కెట్ అద్దెకు రుజువు కావాలి |
| సెక్షన్ 11 పిటిషన్ | రెంట్ కంట్రోల్ చట్టం కింది కేసుల్లో మాత్రమే | అప్పీల్ ఆగి, ఖాళీ చేయమని ఆర్డర్ | కట్టలేకపోయిన కారణం చూపే అవకాశం అతనికి ఉంటుంది |
| కొత్త నోటీసు, కొత్త దావా | కింద మీరు ఓడి, మీరే అప్పీల్‌లో ఉన్నప్పుడు | కొత్త ఎగవేత మీద కొత్త కేసు | కింద గెలిచినవాళ్లు ఇస్తే, గెలిచిన కేసునే దెబ్బతీయొచ్చు |
| రాజీ | ఎప్పుడైనా | తేదీతో సహా తాళాలు | నోటిమాటగా ఉంటే విలువ లేదు |

## ఈపీ: స్టే లేకపోతే మొదటి దారి ఇదే

ఎగ్జిక్యూషన్ పిటిషన్, అందరూ అనే మాటలో ఈపీ. డిక్రీ ఇచ్చిన కోర్టులోనే వేస్తారు. డిక్రీ వచ్చి రెండేళ్లు దాటితే అవతలివాళ్లకు ముందు నోటీసు వెళ్లాలి కాబట్టి ఆ గడువులోపు వేయడమే మంచిది. ఈపీని వేసిన ఆరు నెలల్లో ముగించాలని సుప్రీంకోర్టు 2021లో రాహుల్ ఎస్. షా కేసులో చెప్పింది. ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతుంది. అయినా ఆ తీర్పును వాయిదా అడిగినప్పుడల్లా చూపించడానికి మీ వకీలుకు చేతిలో ఉంచాలి.

ఈపీ వేయడానికి ముందే చేయాల్సిన చిన్న పని ఒకటి ఉంది. చాలామంది దాన్ని వదిలేస్తారు. తీర్పు వచ్చిన వారంలోనే అప్పీల్ కోర్టులో కేవియట్ వేయండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఎ కింద అది 90 రోజులు పనిచేస్తుంది, ముగిశాక మళ్లీ వేసుకోవచ్చు. కేవియట్ ఉంటే మీ మాట వినకుండా స్టే ఇవ్వరు. స్టే విచారణలో మీ వకీలు నిలబడి "షరతులు లేకుండా ఇవ్వొద్దు" అనగలగడం ఈ మొత్తం పోరాటంలో అన్నిటికన్నా విలువైన పదిహేను నిమిషాలు.

స్వాధీనం రోజు ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి. కోర్టు వారెంటుతో అమీనా (ఆదేశాలు అమలు చేసే కోర్టు ఉద్యోగి) వస్తాడు. షట్టర్‌కు తాళం ఉంటే పగలగొట్టించే అధికారం ఆర్డర్ 21 రూల్ 35 ఇస్తుంది, కానీ తాళాలు తీసేవాణ్ని మీరే మాట్లాడుకుని ఉంచాలి. గొడవ జరుగుతుందన్న అనుమానం ఉంటే పోలీసు సాయం కోసం ముందే పిటిషన్ వేసి ఆర్డర్ తెచ్చుకోవాలి, అప్పటికప్పుడు స్టేషన్‌కు పరిగెత్తితే ఎవరూ రారు. లోపల సరుకు ఉంటుంది: ర్యాకులు, ఫ్రిజ్, బిల్లింగ్ కంప్యూటర్, గల్లా పెట్టె. ప్రతి వస్తువూ లిస్టు రాయించి, అమీనాతోనూ ఇద్దరు సాక్షులతోనూ సంతకాలు పెట్టించాలి. ఫోన్‌లో వీడియో తీయండి. కరెంటు మీటర్ రీడింగ్ ఫొటో తీయండి. ఆ లిస్టు లేకపోతే రేపు "పది లక్షల సరుకు మాయమైంది" అన్న ఫిర్యాదుకు మీ దగ్గర జవాబుండదు.

ఆ రోజే ఎవరో ఒకరు వచ్చి "ఈ షాపు నాది, నేను సబ్ టెనెంట్‌ని" అనడం మామూలే. అడ్డం పడినవాళ్ల మీద రూల్ 97 కింద పిటిషన్ వేయాలి. అద్దెదారే పురమాయించి అడ్డం పెట్టించాడని తేలితే 30 రోజుల దాకా సివిల్ జైలుకు పంపే అధికారం కోర్టుకు ఉంది.

ఇక ప్రమాదం. అప్పీల్‌లో తీర్పు తిరగబడితే సెక్షన్ 144 కింద షాపు తిరిగి అద్దెదారుకు ఇవ్వాలి. అప్పటికి మీరు ఇంకొకరికి అద్దెకిచ్చి ఉంటే, కేసు నడుస్తుండగా వచ్చినవాడు కాబట్టి ఆ కొత్తాయనా ఆ తీర్పుకు కట్టుబడాలి. అతను ఇంటీరియర్‌కు పెట్టిన డబ్బు కోసం మీ మీద పడతాడు. అందుకే నా సలహా: స్వాధీనం తీసుకున్నాక అప్పీల్ తేలేదాకా కూల్చొద్దు, గోడలు మార్చొద్దు. కొత్తవాళ్లకు ఇస్తే అప్పీల్ సంగతి లీజ్ పత్రంలోనే రాయండి. తీర్పు గట్టిదని నమ్మకం ఉన్నవాళ్లకు ఈ ప్రమాదం చిన్నది. నోటీసులోనో లెక్కలోనో లోపం ఉందని తెలిసినవాళ్లు కింద చెప్పే రెండో దారినే ముందు పట్టుకోవాలి.

## స్టే ఇచ్చినా, మార్కెట్ అద్దె కట్టమనే షరతు

ఎక్కువమందికి నేను చెప్పే దారి ఇది.

2004 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆత్మారామ్ ప్రాపర్టీస్ వర్సెస్ ఫెడరల్ మోటార్స్ కేసులో తీర్పు ఇచ్చింది. ఢిల్లీ కనాట్ సర్కస్‌లో ఒక షాపు, నెల అద్దె 371 రూపాయల 90 పైసలు. ఖాళీ చేయమన్న ఆర్డర్ మీద అద్దెదారు అప్పీల్‌కు వెళ్తే, ట్రిబ్యునల్ స్టే ఇస్తూ నెలకు 15,000 రూపాయలు కట్టమంది. హైకోర్టు ఆ షరతు కొట్టేసింది. సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. ఖాళీ చేయమని డిక్రీ వచ్చిన రోజుతో పాత అద్దె ఒప్పందం ముగిసిపోయింది, ఆ తర్వాత అక్కడ కూర్చున్నందుకు, అదే షాపు ఖాళీగా ఉంటే యజమానికి వచ్చేంత మొత్తం కట్టాలని చెప్పింది. 2009లో సూపర్ మాక్స్ ఇంటర్నేషనల్ కేసులో దీన్నే మళ్లీ బలపరిచింది.

డబ్బు లెక్కలో చూడండి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మడిగె (షాపు) పాత అద్దె నెలకు 40,000 అనుకుందాం. పక్క మడిగెలు ఇప్పుడు 70,000కు పోతున్నాయి. అప్పీల్ మూడేళ్లు నడిస్తే పాత అద్దె మీద వచ్చేది 14,40,000. మార్కెట్ అద్దె షరతు తెచ్చుకుంటే 25,20,000. తేడా 10,80,000 రూపాయలు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, తక్కువ అద్దెకు కూర్చోవడం లాభం కాబట్టే చాలా అప్పీళ్లు లాగబడుతున్నాయి. ఆ లాభం పోయిన రోజున వాయిదాలు అడగడం తగ్గుతుంది, రాజీ కబురు అటునుంచే వస్తుంది.

కోర్టు ఊరికే 70,000 అని రాయదు. రుజువు పెట్టాలి. అన్నిటికన్నా బలమైనది పక్క షాపుల రిజిస్టర్డ్ లీజ్ డీడ్‌లు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీస్తే ఏవి రిజిస్టర్ అయ్యాయో తెలుస్తుంది, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీలు ఇస్తారు. మీ షాపు, ఆ షాపు ఒకే వీధిలో, ఒకే అంతస్తులో ఉన్నాయని, చదరపు అడుగులు ఇంతని ఒక కాగితం మీద పట్టికలా రాసి పెట్టండి. గ్రేటర్ హైదరాబాద్‌లో వ్యాపార భవనాలకు ఆస్తిపన్నును అద్దె విలువ లెక్కన వేస్తారు కాబట్టి ఆ నోటీసూ జత చేయొచ్చు. బ్రోకర్ చేత రాయించిన ఉత్తరం, ఆన్‌లైన్ ప్రకటనల ప్రింట్లు మాత్రమే పెట్టడం బలహీనం.

పిటిషన్‌లో అడగాల్సినవి ఇవి: డిక్రీ రోజు నుంచి ఇప్పటిదాకా బకాయి ఇన్ని వారాల్లో కట్టాలి; ఇకమీదట ప్రతి నెలా ఫలానా తేదీలోగా డిపాజిట్ చేయాలి; ఒక్క నెల తప్పినా ఇంకో ఆర్డర్ అవసరం లేకుండా స్టే రద్దవుతుందని రాయాలి; డిపాజిట్ చేసిన డబ్బు తీసుకోవడానికి మాకు అనుమతివ్వాలి. మూడోది, నాలుగోది చాలా పిటిషన్లలో కనిపించవు. మూడోది లేకపోతే అద్దెదారు కట్టని ప్రతిసారీ స్టే ఎత్తేయమని కొత్త పిటిషన్ వేసుకుని మళ్లీ వాయిదాల్లో పడతారు. నాలుగోది లేకపోతే డబ్బు కోర్టు ఖాతాలో ఉంటుంది, మీ ఇంట్లో బియ్యానికి పనికిరాదు.

డిక్రీలో బకాయి డబ్బు కూడా ఉంటే ఇంకో ఆయుధం ఉంది. డబ్బు డిక్రీ మీద అప్పీల్ చేసేవాణ్ని ఆ మొత్తం డిపాజిట్ చేయమనో, సెక్యూరిటీ ఇవ్వమనో కోర్టు చెప్పొచ్చు. చెప్పాక అతను చేయకపోతే ఆర్డర్ 41 రూల్ 5(5) ప్రకారం స్టే ఇవ్వకూడదు.

ఇప్పటికే షరతుల్లేని స్టే ఉందా? దిగులుపడక్కర్లేదు. స్టే వచ్చాక అద్దె ఎలా కట్టాడో తేదీలవారీగా చూపించి, షరతులు చేర్చమని గానీ స్టే ఎత్తేయమని గానీ అడగొచ్చు. ఇక్కడ మీ లెక్కల పుస్తకమే సాక్షి. ప్రతి నెలకూ ఒక వరస చాలు. ఉదాహరణకు: జూన్ అద్దె 40,000, గడువు 5వ తేదీ, బ్యాంకులో పడింది 27వ తేదీన 20,000, తక్కువ 20,000. పక్కన బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీ నంబర్. అద్దెదారు టీడీఎస్ (అద్దెలోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) కోసి మీ పాన్ మీద జమ చేసి ఉంటే, ఆ జమలు చూపించే మీ 26ఏఎస్ స్టేట్‌మెంట్ కూడా తీసి పెట్టండి, నెలకు ఎంత అద్దెని తానే ఒప్పుకున్నాడో అందులో కనిపిస్తుంది.

ఆలస్యంగా వచ్చిన డబ్బు తీసుకోవాలా వద్దా అని చాలామంది టెన్షన్ పడతారు. తీసుకోండి. ఖాళీ చేయమన్న నోటీసు తర్వాత అద్దె తీసుకున్నంత మాత్రాన నోటీసు వదులుకున్నట్టు కాదని సుప్రీంకోర్టు 2006లో సరూప్ సింగ్ గుప్తా కేసులో చెప్పింది. రసీదు మీద మాత్రం "అద్దె" అని రాయకుండా, "షాపు వాడుకుంటున్నందుకు నష్టపరిహారంగా, కేసులో మా హక్కులకు భంగం లేకుండా" అని రాయండి. వాట్సాప్‌లో "థాంక్స్ అన్నా, మిగతాది నెమ్మదిగా చూడండి" అని మాత్రం పెట్టకండి. ఆ స్క్రీన్‌షాట్ అప్పీల్ ఫైల్లోకి చేరుతుంది.

## పాత అద్దెల మల్గీలకు: సెక్షన్ 11

రెంట్ కంట్రోల్ చట్టం కింద కేసు ఉన్నవాళ్లకు ఇంతకన్నా సూటి దారి ఉంది. బకాయి అంతా కట్టి, కేసు ముగిసేదాకా నెలనెలా కడుతూ ఉంటేనే అద్దెదారుకు కేసులో వాదించే హక్కు, సెక్షన్ 20 కింద అప్పీల్ చేసే హక్కు ఉంటాయి. కట్టడం మానేస్తే, తగిన కారణం చూపకపోతే, అప్పీల్ విచారణ అక్కడితో ఆపి షాపు అప్పగించమని ఆర్డర్ ఇవ్వొచ్చు. అప్పీల్ జరుగుతుండగా చేసిన ఆలస్యమే కొత్త ఆయుధమవుతుంది.

ఇబ్బంది ఏమిటంటే ఇక్కడి పాత అద్దె చాలా తక్కువ. 900 రూపాయల కిరాయి ఎంత ఆలస్యమైనా పట్టుదల ఉన్న అద్దెదారు ఒకేసారి కట్టేస్తాడు. పైగా కింది కోర్టు దశలోనే, ఎగవేత కావాలని చేసింది కాదని కంట్రోలర్ నమ్మితే 15 రోజుల దాకా గడువిచ్చి, కట్టగానే పిటిషన్ కొట్టేసే వీలు చట్టంలో ఉంది. కాబట్టి సెక్షన్ 11 పిటిషన్‌తో పాటు, ఆత్మారామ్ తీర్పు ప్రకారం మార్కెట్ మొత్తం కట్టమని స్టే షరతూ అడగండి. ఆ కనాట్ సర్కస్ షాపూ అద్దె నియంత్రణ చట్టం కిందిదే.

## కొత్త నోటీసు ఇద్దామా? గెలిచినవాళ్లు వద్దు

కోపంలో చేసే పొరపాటు ఇది. అద్దె రావడం లేదని మండిపోయి, ఇంకో వకీలు దగ్గరికెళ్లి, కొత్తగా "15 రోజుల్లో ఖాళీ చేయాలి" అని నోటీసు పంపిస్తారు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 113లోని ఒక ఉదాహరణే దీన్ని చెబుతోంది: మొదటి నోటీసు గడువు ముగిశాక రెండో నోటీసు ఇస్తే మొదటిది వదులుకున్నట్టే. మీ డిక్రీ నిలబడింది ఆ మొదటి నోటీసు మీద. అప్పీల్‌లో అవతలి వకీలుకు అంతకన్నా మంచి కానుక ఉండదు. డబ్బు అడగాలంటే అడగండి, కానీ ఉత్తరం మీ అప్పీల్ వకీలు చూడకుండా పోస్టు చేయొద్దు.

కింది కోర్టులో మీరు ఓడి, మీరే అప్పీల్‌లో ఉంటే లెక్క వేరు. మీ చేతిలో అమలు చేయడానికి డిక్రీ లేదు. అద్దెదారు ఇప్పుడు కొత్తగా ఎగ్గొడితే అది కొత్త కారణం. రెంట్ కంట్రోల్ చట్టం బయట ఉన్న షాపు, నెలవారీ అద్దె అయితే 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు, కారణం రుజువు చేయాల్సిన పని కూడా లేదు. పాత అప్పీల్ నోటీసు లోపం మీద నలుగుతుంటే, లోపం లేని కొత్త కేసు దానికన్నా ముందు తేలే అవకాశం ఉంది.

కొత్త దావాకు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. వ్యాపారానికి మాత్రమే వాడుతున్న ఆస్తి, విలువ మూడు లక్షలు దాటితే అది కమర్షియల్ కోర్టు పరిధిలోకి రావొచ్చు. అత్యవసర ఆదేశాలు అడగకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. రెండోది, బకాయి అద్దెకు మూడేళ్లే గడువు. ప్రతి నెలా ఒక నెల బకాయి కాలదోషంలోకి జారుతుంది.

## రాజీ, తేదీ వేసి

అద్దెదారుకు నిజంగానే వ్యాపారం దెబ్బతిని ఉంటే, కోర్టుల చుట్టూ తిప్పి సాధించేది తక్కువ. "ఆరు నెలల టైమ్ ఇస్తాను, బకాయిలో ఇంత వదిలేస్తాను, ఫలానా తేదీన తాళాలు ఇవ్వు" అనడంలో చిన్నతనం లేదు. ఆ మాట కాగితం మీద, కోర్టు ముందు ఉండాలి. అప్పీల్‌లోనే రాజీ డిక్రీగా రాయించండి, లేదా లోక్ అదాలత్‌కు పంపమనండి. లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీల్ ఉండదు. అప్పీల్‌కు కట్టిన కోర్టు ఫీజు అద్దెదారుకు వాపసు వస్తుంది, అతన్ని ఒప్పించడానికి ఇదీ ఒక ఆశే. ఖాళీ చేస్తానని కోర్టుకు హామీ అఫిడవిట్ ఇస్తే, తప్పినప్పుడు కోర్టు ధిక్కారం కిందికి వస్తుంది. నెలనెలా మొత్తానికి ముందు తేదీల చెక్కులు తీసుకోండి. చెక్కు బౌన్స్ అయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, తర్వాత 15 రోజులు కట్టే గడువు, ఆపై ఒక నెలలోపు ఫిర్యాదు. ఈ తేదీల్లో ఒక్కటి తప్పినా కేసు చిక్కుల్లో పడుతుంది.

పెద్ద మనుషుల సమక్షంలో చెప్పిన మాట, అన్నదమ్ముల పంచాయితీలో రాసిన తెల్లకాగితం మాత్రం ఇక్కడ పనికిరావు.

## తాళం వేయడం మాత్రం ఎంపిక కాదు

రాత్రికి రాత్రి సొంత తాళం వేయడం, కరెంటు పీకించడం, షట్టర్ ముందు ఇటుకలు పోయించడం. డిక్రీ చేతిలో ఉన్నా సరే, కోర్టు ద్వారా కాకుండా స్వాధీనం తీసుకుంటే అద్దెదారు ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద దావా వేసి తిరిగి లోపలికి రాగలడు. ఆ దావాలో ఆస్తి ఎవరిదన్న ప్రశ్నే రాదు. క్రిమినల్ కేసు విడిగా ఉంటుంది. ఇన్నేళ్లు న్యాయం మీవైపు ఉన్న కేసులో మీరే తప్పు చేసినవాళ్లుగా నిలబడాల్సి వస్తుంది.

## ఎవరికి ఏది

అద్దె మీదే బతికే పెద్దవాళ్లకు మార్కెట్ అద్దె షరతు, డబ్బు తీసుకునే అనుమతితో సహా. వాళ్లకు షాపు రెండేళ్ల తర్వాత రావడం కన్నా ఈ నెల డబ్బు రావడం ముఖ్యం. సీనియర్ సిటిజన్ అని చెప్పి అప్పీల్‌ను త్వరగా వినమని ఒక పిటిషన్ కూడా వేయించండి.

షాపు మీద బ్యాంకు లోన్ ఉండి ఈఎంఐ కడుతున్నవాళ్లు అదే షరతు అడగాలి, ఈఎంఐ స్టేట్‌మెంట్ జత చేయాలి. సొంత వ్యాపారానికి షాపు కావాల్సినవాళ్లు స్టే లేకపోతే ఒక్క రోజూ ఆగకుండా ఈపీ వేయాలి. స్టే ఉంటే షరతు పెట్టించి, మొదటి ఎగవేత కోసం చూసి, ఆ నెలే ఈపీ కదిలించాలి. వాళ్లు షాపును తామే వాడుకుంటారు కాబట్టి సెక్షన్ 144 భయం కొత్త అద్దెదారుడిని పెట్టేవాళ్లకు ఉన్నంత ఉండదు.

అద్దెదారు దివాళా అంచున ఉన్నాడని తెలిస్తే రాజీ. అతని దగ్గర లేని డబ్బుకు ఎంత పెద్ద ఆర్డర్ తెచ్చుకున్నా వసూలు కాదు, షాపు వస్తే అదే మేలు. అడ్వాన్స్ మీ దగ్గరే ఉంటే దాన్ని బకాయికి ఎలా సర్దాలో రాజీలోనే తేల్చేయండి.

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి ఇక్కడి షాపు కేసు నడుపుతున్న తెలుగువాళ్లకు అదనంగా రెండు మాటలు. ఎన్నారైకి కట్టే అద్దెలో టీడీఎస్ చాలా ఎక్కువగా కోస్తారు కాబట్టి, చేతికొచ్చింది తక్కువని ఎగవేత లెక్క కట్టే ముందు ఆ కోత సరిచూసుకోండి. తప్పుడు బకాయి లెక్క అప్పీల్‌లో మిమ్మల్ని ఇరుకున పెడుతుంది. తమ్ముడికో బావమరిదికో ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ విదేశంలో రాసిందైతే, ఇండియాకు వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. అందులో ఈపీ వేయడం, స్వాధీనం తీసుకోవడం, కోర్టు నుంచి డబ్బు తీసుకోవడం, రాజీపడటం అనే నాలుగు అధికారాలు విడివిడిగా పేరుపెట్టి రాయించండి. డిపాజిట్ తీసుకునే రోజున ఆ అధికారం పత్రంలో లేదని తేలితే, కొత్త పత్రం విదేశం నుంచి రావడానికే ఒక వాయిదా పోతుంది.